స్తెఫను ముక్కు

"ముక్కు కొంచెం ఎడమకి వంగాలి," అంది వచ్చినావిడ.

బొమ్మల అమ్మాయి కుంచె గాల్లోనే ఆపింది. ఎప్పుడో రాళ్ళదెబ్బలకి ప్రాణం వదిలిన పునీత స్తెఫను ముక్కు ఎటు వంగిందో ఎవరికీ తెలీదు. తాతల నాటి నమూనా కాగితంలో ఎలా ఉంటే అలా గియ్యడమే. తెలిసిన మనిషి పోలిక రాకూడదు. ఈ పనిలో ఉన్న రూలు అదొక్కటే.

మొదటిరోజే చెప్పింది అమ్మాయి. "మనుషుల మొహాలు వెయ్యనండి. చర్చిలకి పునీతుల్నే వేస్తాను."

"అయితే పునీతుణ్ణే వెయ్యండి. మొహం నేను చెప్తాను."

"ఎవరిదండీ?"

"మా తమ్ముడు పోయి ఆరు వారాలైంది," అంది ఆవిడ, బస్సు టైము చెప్పినట్టు. "మొహం రోజుకింత చెరిగిపోతోంది నాకు. పూర్తిగా పోయేలోపు కావాలి."

"ఫోటో లేదా?"

"ఉంటే మీదాకా ఎందుకొస్తాను?"

అమ్మాయి టిష్యూ డబ్బా ముందుకి జరిపింది. ఆవిడ దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంది.

లోపలి గదిలో అమ్మాయి వాళ్ళమ్మ బొమ్మలేసే చెక్కలకి గరుకు కాగితం రుద్దుతోంది.

"పునీతుడికి ఎవరి మొహమో తగిలిస్తావా? ఫాదరుగారి చెవిన పడితే మళ్ళీ మన గడప తొక్కరు."

"వాళ్ళ తమ్ముడమ్మా. చనిపోయాడు."

గరుకు చప్పుడు ఆగింది.

"అయితే కనుబొమలు శ్రద్ధగా వెయ్యి. మనిషిని పట్టిచ్చేవి అవే."

నాలుగు రోజులు పట్టింది. పచ్చసొనలో కలిపిన రంగు, అడుగున ముదురు, దానిమీద లేత, దానిమీద ఇంకా లేత. అండూ బటన్ ఉండదు. తప్పొస్తే గీకెయ్యాలి. మూడుసార్లు గీకింది.

"దవడ ఇంకా వెడల్పు."

"ఇలాగా?"

"ఊఁ. చెవి కింద గోరంత మచ్చ. ఆ నవ్వు తీసెయ్యండి."

"నవ్వు కాదండి, నీడ."

"అయితే నీడ తీసెయ్యండి."

"కళ్ళో?"

ఆవిడ మొదటిసారి తడుముకుంది. "కిందకి చూస్తూ. చివరిసారి నన్ను అలాగే చూశాడు."

పొడుగరి కాబోలు అనుకుంది అమ్మాయి.

నాలుగో రోజు తల వెనక బంగారు రేకు అద్దుతుంటే ఆవిడ అడిగింది. "అది తప్పదా?"

"అది లేకపోతే మామూలు మనిషైపోతాడండి."



చివరగా కళ్ళలో రెండు తెల్ల చుక్కలు పెట్టి అమ్మాయి పక్కకి తప్పుకుంది. ఆవిడ స్టూలు అంచు పట్టుకుంది. 

"ఇతనే," అంది.

వాళ్ళమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఎంత చక్కగా ఉన్నాడమ్మా. ఆ నుదురు అచ్చం మీదే."

ఆవిడ ఆ మాటకి తల కూడా తిప్పలేదు. ఫోన్ తీసింది. బంగారు రేకు పడకుండా, మొహం ఒక్కటే దగ్గరగా ఫోటో తీసుకుంది. బొమ్మ చెక్కని బల్లమీదే వదిలేసి లేచింది.

"మీ బొమ్మండీ," అంది అమ్మాయి.

"ఫోటో చాలు, స్టేషన్లో ఇవ్వడానికి. మా బండిని గుద్దేసి, కారు దిగి, రోడ్డు మీద పడున్న నన్నూ తమ్ముణ్ణీ ఓసారి చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది ఇతనే."