బరువుగా కూర్చునే మనిషి

“నీ పనేంటి పెద్దాయనా?”

“ఏం లేదమ్మాయ్. బరువుగా కూర్చోవడం.”

ఆర్డిస్ పకపకా నవ్వింది.

యుద్ధం సాగుతున్న రోజులవి. అమెరికాలో, కాన్సస్‌లోని బాంబర్ విమానాల కర్మాగారంలో తోకలకు రేకులు బిగించే పిల్ల ఆమె. బాగా పనిచేసేవాళ్లను పరీక్షకు లేచే విమానంలో ఒకసారి తిప్పుతారు. ఆవేళ ఆమె వంతు వచ్చింది.

పరీక్షలో బరువును ముందుకూ వెనక్కూ జరిపి చూడాలి. అందుకు ఇసుక మూటలు వేస్తారు. వాటితోపాటు ఈ పెద్దాయన ఓరిన్ కూడా. పైలట్ డ్వేన్ ఎటు జరగమంటే అటు జరుగుతాడు.

“మూటైతే నోరు మూసుకుని పడుంటుంది” అంది ఆర్డిస్.

“మూటకు నీ జోకులకు నవ్వడం రాదుగా.”

నాలుగు ఇంజన్లూ గర్జించాయి. బాంబర్ లేచింది. కింద గోధుమ చేలు బంగారం ఆరబోసినట్టున్నాయి. ఆర్డిస్ కిటికీకి అతుక్కుపోయింది.

ఓరిన్ మాత్రం కళ్లు మూసుకుని, అరచేయి విమానం గోడకు ఆనించి కూర్చున్నాడు.

“భయమా?”

“హాయి.”

“కళ్లు మూసుకుంటే హాయేంటి?”

“తెరిచినా పెద్ద తేడా లేదులే.”

అంతలో విమానం ముక్కు పైకి లేవసాగింది. లేస్తూనే ఉంది. మూటలు కట్టిన తాళ్లు కిర్రుమన్నాయి.

“ముక్కు దిగట్లేదు. తోక బిగుసుకుపోయింది” అని డ్వేన్ కేక.

ముక్కు ఇంకాస్త లేస్తే విమానం రాయిలా పడుతుంది. ఆ సంగతి ఆర్డిస్‌కూ తెలుసు.

ఓరిన్ లేచాడు.

“అందరూ నా వెనకే రండి. ముక్కులోకి. అమ్మాయ్, నువ్వూ.”

“నేనా?”

“నిన్న రాత్రి భోంచేశావుగా? పనికొస్తావు.”

అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. ఇరుకు దారిలో పాకుతూ ఆమె, ముగ్గురు సిబ్బంది, ఓరిన్ అద్దాల ముక్కులో ఒకరిమీద ఒకరు పడ్డారు.

విమానం ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగింది. మెల్లగా తల దించింది.

“తొందరపడకు నాయనా. ఇంజన్ల జోరు కొంచెం తగ్గించు. చాలు” అన్నాడు ఓరిన్.

“అలాగే” అన్నాడు డ్వేన్, బుద్ధిమంతుడిలా.

నేల దగ్గర పడేకొద్దీ, ముక్కు నేలను గుద్దకుండా కాస్త లేవాలని, ఓరిన్ ఒక్కొక్కరినే వెనక్కి పంపాడు. చివరికి ఆర్డిస్ భుజం తట్టాడు.

“ఇప్పుడు నువ్వు. పెళ్లిలో నడిచినట్టు, నింపాదిగా.”

ఆమె నడిచింది. చక్రాలు నేలను ముద్దాడాయి.

పనివాళ్లంతా పరుగెత్తుకొచ్చి డ్వేన్‌ను భుజాలకెత్తుకున్నారు. ఎవరో బూరా ఊదారు. ఆర్డిస్ అతని రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది.

“ఎంత గొప్పగా దించావయ్యా.”

“ఆయన చెప్పినట్టు చేశానంతే.”

“ఎవరు, మన మూట తాతా?”

డ్వేన్ నవ్వు ఆపి ఆమెవైపు చూశాడు.

“నువ్వు ఆయన్ని అలాగే పిలిచావా?”

“పిలిచాను. ఏడీ?”

డ్వేన్ వేలెత్తి చూపించాడు. పక్క రన్‌వేమీద ఓరిన్ ఎక్కిన ఇంకో బాంబర్ అప్పుడే నేలను వదులుతోంది. ఆర్డిస్ తలగుడ్డ విప్పి రెండు చేతులతో ఊపింది.

“ఆయనకు కనపడదు. చూపు మందగించిందని నడపడం మాన్పించారు. గాల్లో ఉంటే చాలు, ఏ పనైనా ఇవ్వమన్నాడు” అన్నాడు డ్వేన్. “ఈ రకం బాంబర్‌ను మొట్టమొదట నేలమీంచి లేపింది ఆయనే.”