వాల్‌బ్రియాక్ వంశకర్త

"ఎవడయ్యా పిరికిపంద? మా వంశకర్తా?" గుమ్మంలోంచే అరిచాడు మార్కీ ద వాల్‌బ్రియాక్ దొర. ఆయన చేతిలో ఆ పొద్దుటి పత్రిక నలిగి ఉండయిపోయింది. పారిస్‌లో పరువు పోతే ఇంతే, తెల్లారేసరికి మెట్లెక్కి వచ్చేస్తారు.

అన్సెల్మ్ గోదేర్ కాఫీ గిన్నె ఠక్కున బల్లమీద పెట్టాడు. పత్రికలో రోజూ వచ్చే చారిత్రక సీరియల్ ఆయనదే. "ఇందులో కల్పితం ఒక్క అక్షరం లేదు" అని ప్రతి నవల ముందుమాటలోనూ రాసుకుంటాడు. ఆ మాటకే ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

"లా రోషెల్ ముట్టడిలో మీ వంశకర్త గాస్పార్ గడ్డిబండిలో దాక్కుని పారిపోయాడు. జరిగిందే రాశాను," అన్నాడు గోదేర్.

"మొదటి నవలలో మా వాళ్లని వీరులని పొగిడిన చేత్తోనే ఈ రాతలా? ఇదిగో, గాస్పార్ పట్టిన కత్తి! తరతరాలుగా మా గోడమీదుంది!" మార్కీ తుప్పుపట్టిన కత్తి దూశాడు. "రేపు పత్రికలో క్షమాపణ చెప్తావా? ఊరవతల అడవికొచ్చి నాతో ద్వంద్వయుద్ధంలో కత్తి కలుపుతావా?"

"కత్తే కలుపుతా! నీకు జడిసి చరిత్ర మారుస్తానా? ఫో అవతలికి!"

మార్కీ పళ్లు కొరికాడు. "అయితే కోర్టుకే లాగుతా. జరిగిందన్నావుగా, ఏ దస్తావేజులో ఉందో జడ్జిగారికి చూపించు!"

గోదేర్ ముఖం కందగడ్డయింది.

"క్షమాపణ వేస్తాను," అన్నాడు చివరికి.

మార్కీ మీసం దువ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. లోపల్నుంచి గోదేర్ భార్య క్లోతిల్ద్ కూరలు తరిగే కత్తితోనే వచ్చిపడింది.

"సిగ్గు లేదూ మీకు? చావుకి జంకని మనిషి కాగితం అడిగితే చల్లబడతారా? ఆ దస్తావేజులేవో తెచ్చి వాడి మొహాన కొట్టండి!"

గోదేర్ గిన్నె తీసి గోడకేసి కొట్టాడు. కాఫీ గోడంతా కారింది.

"ఎక్కణ్ణుంచి తెమ్మంటావే? వాణ్ణి దొంగ దొర అనాలంటే ముందు నన్ను నేను అనుకోవాలి! మన పెళ్లయిన కొత్తలో, నువ్వు అక్కడ ఉల్లిపాయలు తరుగుతుంటే, ఈ బల్లమీదే కూర్చుని ఆ మొదటి నవల కోసం వాడి వంశం మొత్తాన్నీ పుట్టించింది నేనేనే!"