సూది పడని తివాచీ

షాపులో అన్నిటికన్నా పెద్ద తివాచీకి పురుగు పట్టింది.

షాపు యజమానికి రెండు రోజులు ముద్ద దిగలేదు.

అది పర్షియన్ తివాచీ. చేత్తో ముడి ముడీ వేసి నేసింది. వెనక్కి తిప్పి అంగుళానికి ఎన్ని ముళ్లో లెక్కపెట్టబోయినవాళ్లు సగంలోనే దండం పెట్టేవారు. దాన్ని తండ్రి అమ్మలేదు, కొడుకైన ఈయనా అమ్మలేదు. పెళ్లీ పెటాకులూ లేని ఆ యాభై ఏళ్ల మనిషికి నా అనేది ఏదైనా ఉంటే అదొక్కటే. ఇప్పుడు దాన్ని ఓ మూల అరచేయంత మేర పురుగు తినేసింది.

మూడో రోజు ఓ ముసలామె గుమ్మంలో నిలబడింది.

"తివాచీకి మరమ్మతు ఉందని విన్నాను బాబూ. నేను చేస్తాను. ఈమధ్య ఎవరూ పిలవడం లేదు."

లోపలికొచ్చి, చిల్లు చూడటం మానేసి తివాచీ చుట్టూ తిరిగింది. ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి వంగి చూసింది.

"చిల్లు ఇక్కడుంటే ఊరంతా తిరుగుతావేం పెద్దమ్మా?"

"ఉన్ని ఎటు వాలి ఉందో చూస్తున్నా."

ఆయనకు విసుగొచ్చింది. "నువ్వు చేసిన పని ఏదైనా ఉంటే చూపించు."

"చూపించడానికి ఏముంటుంది బాబూ? కనబడితే అది మరమ్మతే కాదు."

"భలే చెప్పావు. నేనూ రోజూ కొండలు మోస్తున్నా, కనబడవంతే."

ఆమె నవ్వేసింది.

"ఇది మా నాన్న ప్రాణం పెట్టుకున్న తివాచీ పెద్దమ్మా. నేసిన దగ్గర్నుంచి ఒక్క సూది పోటు పడలేదు. ఎవరికి పడితే వాళ్లకి ఎలా ఇస్తాను?"

ఆమె వంగి తివాచీ నడిమిన ఓసారి చేత్తో నిమిరింది.

"నిజమే బాబూ. మంచి తివాచీ," అంది. "ఓ మూల కూర్చుని చేసుకుంటాను. గదిలో గోడలతో మాట్లాడీ మాట్లాడీ నోరు తడారిపోతోంది."

"అవసరమైతే కబురు చేస్తాలే."

ఆమె గది గుర్తులు రెండుసార్లు చెప్పి వెళ్లింది.

ఆయన కబురు చేయలేదు. పేరున్న పనివాణ్ణి పిలిపించాడు. అతను తాను బాగుచేసినవాటి ఫొటోలు ఆల్బం నిండా తెచ్చాడు. పది రోజుల్లో పని ముగించాడు.

గుమ్మంలోంచి చూస్తే ముచ్చటగా ఉంది. యజమాని ఎదుటి వైపున్న తన కుర్చీలో కూర్చుని చూశాడు. ఆ మూల నూనె ఒలికినట్టు నల్లటి మచ్చ. ముళ్లు సరిగ్గానే ఉన్నాయి, రంగులూ కలిశాయి. కానీ తివాచీ ఉన్ని అంతా అటు వాలి ఉంటే, కొత్త ఉన్ని ఇటు వాలి, ఈ వైపు నుంచి చూస్తే నల్లగా కనిపిస్తోంది.

"కుర్చీ ఇటు వేసుకోండి సార్, కనబడదు," అన్నాడు పనివాడు.

ముసలామె తివాచీ చుట్టూ ఎందుకు తిరిగిందో ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది. షాపు మూసేసి ఆమె గది వెతుక్కుంటూ వెళ్లాడు.

గదికి తాళం వేసి ఉంది. పక్కగదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఎవరు కావాలండీ?" అంటూ ఒకావిడ బయటికొచ్చింది.

"తివాచీలు బాగుచేసే పెద్దమ్మ..."

"పోయిన బుధవారం పోయిందండీ. రెండు రోజుల జ్వరం, అంతే. నా అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు. మేమే నలుగురం సాగనంపాం."

ఆయన తలుపు తాళంకేసి చూశాడు. ఒక్క కబురు చేసి ఉంటే ఆ చివరి రోజులైనా ఆమెకు ఒంటరితనం తప్పేదని గుండె కలుక్కుమంది.

"మీరు తివాచీల షాపాయనేనా?"

"అవునమ్మా. నామీద కోపంగా ఉండేదా?"

"కోపమా? మీ షాపు నుంచి వచ్చిన రోజు ఆవిడ సంబరం చూడాలి. కాళ్లు నేలమీద నిలవలేదు."

"నేను పని ఇవ్వలేదుగా?"

"ఎందుకంత సంబరమంటే అప్పుడు చెప్పలేదు. ఎవరికీ చెప్పనని మీ నాన్నగారికి మాటిచ్చిందట. జ్వరంలో మాత్రం నాకొక్కదానికే నోరు విప్పింది. 'ఒక్క సూది పోటు పడలేదని ఆయన కొడుకే అన్నాడమ్మా, ఇంకేం కావాలి' అంది."

ఆయన అర్థంకాక చూశాడు.

"మీరు పుట్టకముందు దీపం పడి ఆ తివాచీ సగానికి సగం కాలిపోతే, రెండేళ్లు కూర్చుని ఆ సగమూ ముడి ముడీ వేసి మళ్లీ నేసింది తనేనటగా."