ఆకుపచ్చ చుక్క

“హిందూపురం షాపోళ్లు ఒప్పుకున్నారు! మన చిలకలంచు నచ్చిందంట. సాయంత్రంలోగా కంప్యూటర్లో డిజైను గీసి పంపితే ఈ పెండ్లిండ్ల చీరల పనంతా మనకే!”

లోకేష్ ఫోను కింద పెట్టకముందే ధర్మవరంలో కరెంటు పోయింది.

సాయిసుధకు నవ్వొచ్చింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మొదటి పెద్ద ఆర్డరు ఇది.

మధ్యాహ్నానికి ఆ నవ్వు వాడిపోయింది. కరెంటు వస్తోంది, పోతోంది. వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్లో ప్రోగ్రాములన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. అవి కుదురుకునేలోగా మళ్లీ చీకటి. చిలక ముక్కు దగ్గరే పని ఆగిపోయింది.

అన్నిటికన్నా ముందు తెరుచుకునేది గిరాకీలతో మాట్లాడే తమ డిజైన్ల అంగడి చాట్. తెరుచుకోగానే ముత్యాలప్ప అనే పేరుతో ఒకే మాట.

“తెరిచినావా అబ్బా? మంచిది.”

“ఎవరండీ ఈ ముత్యాలప్ప? పొద్దుటినుంచి ఇదే పాట!”

“తనకల్లు ఆయప్ప. ఎప్పుడో ఒక అంచు గీయించుకుని పోయినాడు. అప్పటినుంచి రోజూ ఇంతే. పనిలేనోడు, వదిలెయ్.”

“నేను వదలను,” అంటూ సుధ సెట్టింగుల్లోకి వెళ్లింది. ఆన్ కాగానే తెరుచుకునేవన్నీ వరుసగా కనిపించాయి. ఒక్కొక్కటే ఆపేసింది. చాట్ కూడా.

ఈసారి తెర కడిగిన పలకలా తేటగా వచ్చింది. సుధ చప్పట్లు కొట్టింది.

“ఇన్నాళ్లూ యాడుంటివి తల్లీ!” లోకేష్ దండం పెట్టాడు.

పొద్దు వాలేసరికి డిజైను వెళ్లిపోయింది. నడుములు పట్టేసి ఇద్దరూ గోడకు చేరగిలబడ్డారు. గడప దగ్గర దుమ్ముకొట్టుకుపోయిన ముసలాయన నిలబడ్డాడు.

“లోకేషూ, ఉండావా?”

“ఉండా. ఎవురప్పా?”

“ముత్యాలప్పను. పొద్దున తెరుస్తాంటివి, మూస్తాంటివి. మళ్ల తెరవనే లేదు. నా ఫోన్లో నీ పేరు పక్కన పచ్చ చుక్క రాకపాయె. ఏమైనాదో అని బస్సెక్కినా.”

“ఆ చాట్ నేనే ఆపేసినా తాతా,” అంది సుధ. “దానికే ఇంత దూరం వస్తారా?”

“మగ్గమైతే సప్పుడుంటాది పాపా. ఆగితే పక్కింటోళ్లకు తెలుస్తాది. మీ కంప్యూటరు పెట్టెకు సప్పుడు లేదు గదా!”

లోకేష్ ఆవలించాడు. “బాగుండాములే. ఆఖరి బస్సు పోతాదేమో చూసుకోప్పా.”

“పోతాండా. నువ్వు ఉండావు, అదే చాలు.”

టీ అయినా ఇవ్వలేదని, ఆయన వీధి మలుపు దాటాక సుధకు గుర్తొచ్చింది.

కాసేపటికి పెనుకొండ పెళ్లి నుంచి అత్త పద్మావతి వచ్చింది. సుధ నవ్వుతూ సంగతంతా చెప్పింది. ఆ పేరు వినగానే అత్త సంచి దించకుండానే నిలబడిపోయింది.

“ముత్యాలప్పా? అప్పట్లో మన పక్కింట్లో నేసిన ముత్యాలప్పా? నీళ్లన్నా ఇచ్చినారా?”

“లేదత్తా.”

సుధ లేచి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆపేసినవాటిలో చాట్ ఒక్కటీ మళ్లీ ఆన్ చేసింది.

“నువ్వు కడుపులో ఉండంగా నేను పుట్టింట్లో ఉంటి లోకేషూ. ఈడ మీ నాయన మగ్గం మీదనే పడిపోయినాడు,” అంది అత్త. “సప్పుడు ఆగిందని తలుపు పగలగొట్టి, ఆసుపత్రికి మోసుకుపోయింది ఆయప్పే. మీ నాయన నీ మొగం చూసినాడంటే ఆయప్ప వల్లనే. రేపు మొదటి బస్సుకే తనకల్లు పోయి, ఆయప్ప తలుపు మనం తడదాం.”