పిళ్ళారికి కొత్త డాష్‌బోర్డు

"రేయ్, ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు!"

పచ్చయమ్మాళ్ పెట్టిన కేకకు మెకానిక్ గోవిందన్ చేతిలోని స్క్రూడ్రైవరు తనంతట తానే కింద పడింది. అతను సదాశివం పాత పికప్ వ్యానులో సీటు మీద మోకాళ్ళూని, బీటలు వారిన డాష్‌బోర్డును ఊడదీయబోతున్నాడు. దాని మీద గమ్ముతో అంటించిన బొటనవేలంత ఇత్తడి పిళ్ళారి కూర్చుని ఉన్నాడు. పగులు సరిగ్గా ఆయన కిందనుంచి బయల్దేరి స్పీడు మీటరు దాకా పాకింది. తొప్పూరు కనుమ దిగేటప్పుడల్లా ఆ మీటరు ఊడి వచ్చి సదాశివం ఒళ్ళో పడుతోంది.

"ఏమైందిమా?" అన్నాడు సదాశివం. అన్నం క్యారియరుతో షెడ్డుకు వచ్చిన తల్లిని అన్నం పెట్టగానే ఇంటికి పంపించి ఉండాల్సింది.

"గుడి గోడ పగిలితే సామి నెత్తిమీదనే సుత్తి పెట్టి కొడతార్రా? ముందు బాలాలయం చేయల్ల. సామిని ఇంకో చోట కూర్చోబెట్టి, పూజ చేసి, ఆ పైన పని మొదులుపెట్టల్ల."

"ఇది గుడి కాదుమా, పికప్పు."

"నీకు పికప్పు. ఆయనకు గుడి."

గోవిందన్ మధ్యలో తల దూర్చాడు. "రెండు నిమిషాల్లో గీకి తీసేస్తానవ్వా. సామికి తెలియను కూడా తెలియదు."

"నీ కన్ను రెండు నిమిషాల్లో గీకి తీస్తాను, దా. నీకు తెలుస్తాదో లేదో చూస్తాం."

గోవిందన్ తల వెనక్కి తీసుకున్నాడు.

"గురువారం పిక్కిలిలో చింతపండు లోడు ఎత్తల్లమా," సదాశివం బతిమాలాడు. "నేను పోలేదంటే చిన్నప్పన్ తన టెంపో తెచ్చి నిలబెడతాడు. ఒకసారి వాని బండి ఆ ఊర్లోకి పోయిందంటే, ఇంక నన్ను పిలిచేవాడు ఉండడు. సీజనంతా ఇంట్లో కూర్చోని నీ మొగం నేను, నా మొగం నువ్వు చూసుకోవల్ల."

"చేసేది చేస్తే ఆయనే నిన్ను పిక్కిలికి పంపిస్తాడు. పళని సామిని పిలుచుకోని రా."

పూజారి పళని జన్మలో ఏ పూజకూ కాదని ఎరగడు. వచ్చాడు, మంత్రం చదువుతూనే బ్లేడుతో గమ్ము కోశాడు, పిళ్ళారిని తమలపాకు మీద పెట్టి స్పార్క్ ప్లగ్గుల అరలో కొలువుదీర్చాడు. పోతూ పోతూ, సామి ఉన్న చోట బీడీ తాగకూడదనీ, బూతులు ఆడకూడదనీ చెప్పిపోయాడు.

అక్కడే వచ్చింది చిక్కు. బీడీ లేకుండా గోవిందన్ ఎలాగో బతికాడు గానీ, బూతు లేకుండా బోల్టు ఊడే వ్యాను ఆ జిల్లాలోనే లేదు. పాపం, అతను రోడ్డు దాకా పోయి, పెన్నాగరం బస్సుల వైపు తిరిగి నోరారా తిట్టి, ఆ వేడి చల్లారకముందే పరిగెత్తుకొచ్చి స్పానర్ తిప్పేవాడు. పూటలో అయ్యే పని సోమవారం మొదలై బుధవారం దాకా సాగింది. సేలం పాత సామాన్ల అంగడికి ట్రంక్ కాల్ చేసి తెప్పించిన డాష్‌బోర్డు మాత్రం అద్దంలా ఉంది. మీటరు దాని చోట అది కూర్చుంది. గోవిందన్ గమ్ము డబ్బా మూత తీశాడు.

"గమ్ముతో అంటిస్తావా?" పచ్చయమ్మాళ్ అడ్డం నిలబడింది. "కొత్త గుడి కట్టినాక కుంభాభిషేకం లేదా?"

సదాశివానికి ఏడుపొచ్చింది. తెల్లారితే గురువారం. చిన్నప్పన్ టెంపో కడిగించుకుంటున్నాడని పొద్దున్నే కబురొచ్చింది. వాదించడానికి ఓపిక కూడా లేక, పళనిని మళ్ళీ పిలుచుకొచ్చి చేతులు జోడించాడు.

"ఏం చేసుకుంటారో చేసుకోండి సామీ. పొద్దు గూకే లోపల ముగించండి. ఏమీ తక్కువ చేయొద్దు. మళ్ళా ఒక కొదవ అని మాయమ్మ నోరు తెరవకూడదు."

"ఏమీ తక్కువ చేయను," అన్నాడు పళని, మనస్ఫూర్తిగా.

షెడ్డు ముందు ఇటుకలు పేర్చి హోమం వెలిగించారు. పెట్రోలు ట్యాంకు పక్కనే ఉందని గోవిందన్ మొత్తుకుంటే రెండడుగులు జరిపారు. గమ్ము పనికిరాదని, గుళ్ళో విగ్రహాలను పీఠానికి అతికించే అష్టబంధనం ముద్దను పళని స్వయంగా దంచి తెచ్చాడు. ముందరి అద్దం తీయించి, బానెట్టు మీదికి ఎక్కి, ఆ సందులోంచి కలశం నీళ్ళు పోశాడు. గోవిందన్ తన చొక్కా విప్పి మీటరుకు కప్పి, బనీనుతో నిలబడి దండం పెట్టుకున్నాడు. వీధి వీధంతా వచ్చి ప్రసాదంగా పెట్టిన శనగల శుండలు తిని పోయింది. పచ్చయమ్మాళ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కళ్ళనీళ్ళు చూసి సదాశివం కోపం కూడా సగం కరిగింది.

అద్దం బిగించారు. సదాశివం చెప్పులు బయట విడిచి, వ్యాను ఎక్కి తాళం తిప్పాడు. మామూలుగా నలుగురు తోస్తే గానీ లేవని ఇంజను ఒక్క తిప్పుకే లేచింది.

"చూసినావా? చేసేది చేస్తే ఎట్లుందో!" అంది పచ్చయమ్మాళ్.

సదాశివం నవ్వుతూ గేరు వేశాడు. వ్యాను జానెడు కదిలిందో లేదో, పళని ఎదురుగా దూకి రెండు చేతులూ అడ్డంగా చాచాడు.

"యాడికిరా?"

"ఇంటికి సామీ. తెల్లారుజామున పిక్కిలికి పోవల్ల, చింతపండు ఎత్తేదానికి."

"నీకు బుద్ధుందా? అష్టబంధనం వేసి, కుంభాభిషేకం చేసిన సామిని కదిలిస్తారా ఎవురన్నా?" పళని లోపలికి చెయ్యి పెట్టి ఇంజను ఆపి, తాళం తీసి పచ్చయమ్మాళ్ చేతిలో పెట్టాడు. "ఇంక ఆయన ఇక్కడనే ఉంటాడు. నీకు కావాలంటే దిగి చుట్టూ తిరుగు."