ఇంటికొచ్చిన ఈ-బుక్

"బ్లాగులో లోకమంతా చదివిన కథలేగా! అమ్మ చదివితే తప్పేంటి?" అన్నాడు కౌండిన్య.

భార్య కథలు ఈ-బుక్‌గా వచ్చాయన్న సంబరంలో, తెనాలి జిరాక్సు షాపులో ప్రింటు తీయించి తల్లి మంగతాయారు చేతిలో పెట్టాడు. అత్తగారు కంప్యూటర్ ముట్టదన్న ధైర్యంతోనే విశాలి ఆ కథల్లో ఆవిడ గురించి రాసింది.

మంగతాయారు చివరి పేజీ మూసి, కళ్ళజోడు తీసింది.

"ఇందులో అత్తని నేనే కదమ్మాయ్?"

విశాలి మొగుడి వైపు కొరకొరా చూసింది.

"ఆఖరి కథలో కోడలు ఇంట్లో చెప్పకుండా రేపల్లె బండెక్కేసిందిగా?"

"అవునండి..."

"ఎక్కాక ఏమైందో రాయలేదేంటే?" గొంతు తగ్గించింది. "నలభై ఏళ్ళుగా నేనూ అదే ఆలోచిస్తున్నా."

విశాలికి మాత్రం తెలిస్తే కదా! తనూ ఆ బండి కథలో తప్ప ఎక్కలేదాయె.