మహాతల్లి స్లైడు

"రెండో కన్ను మూయక్కర్లేదు అన్నయ్యా, ఇది మీ భూతద్దం కాదు. రెండూ తెరిచే చూడండి," అంది ల్యాబులో మైక్రోస్కోపు కింద స్లైడ్లు పరీక్షించే ఆవిడ.

వాచీలు బాగుచేసే ఆయన తొడలో గడ్డని రెండేళ్ళ కిందట తీశారు. మళ్ళీ వచ్చింది. కొవ్వులో పుట్టే క్యాన్సరిది, ముదురుతోంది, పెద్ద ఆపరేషన్ చెయ్యాలంటాడు డాక్టరు. కంటితో చూస్తేగానీ నమ్మను, సంతకం పెట్టనంటాడు ఈయన. వారం రోజులు చెవినిల్లు కట్టుకుని పోరి, విసుగెత్తి, డాక్టరే ఆయన్ని ఇక్కడికి తోలాడు.

"ఈ స్లైడు మీది కాదు, ఇదే జబ్బు వచ్చిన ఒకావిడది. దీన్ని మేం మహాతల్లి అంటాం. రోజూ దీన్ని పక్కన పెట్టుకునే మిగతావి చూస్తాం. ఇది వెలిగితేనే ఆ రోజు పరీక్ష సరిగ్గా జరిగినట్టు."

ఆయన కళ్ళు ఆనించాడు. కటిక చీకట్లో నీలం గుండ్రాలు. ఒక్కోదాంట్లో వాచీల్లో బిగించే బుల్లి కెంపుల్ని దోసిలితో కుమ్మరించినట్టు ఎర్ర చుక్కలు!

"అమ్మ బాబోయ్! ఇదంతా మనిషి ఒంట్లోదేనా?"

"ఒంట్లోదే. ఒక్కో గుండ్రం ఒక్కో కణంలోది. ఎర్ర చుక్కలన్నీ ఒకే జన్యువు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మామూలుగా రెండే ఉండాలి. ఇలాంటి గడ్డలో అదొక్కటే పదులకొద్దీ నకళ్ళు తీసుకుంటుంది. అవి పెరిగాయంటే అది మామూలు కొవ్వుగడ్డ కాదు, క్యాన్సరేనన్నమాట."

"ముప్పయ్యేళ్ళుగా సన్నపని చేస్తున్నా చెల్లెమ్మా. ఇంత పనితనం ఎక్కడా చూళ్ళేదు!"

ఆవిడ స్లైడు మార్చింది. "ఇది మీది."

రెండే ఉండాలని మనసులో మొక్కుకుంటూ లెక్కపెట్టాడు. పది, పదిహేను, ఇరవై... లెక్క తప్పింది. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ తప్పింది. కుర్చీలో కూలబడ్డాడు.

"అచ్చం ఆ మహాతల్లి దానిలాగే ఉంది కదమ్మా?"

"అచ్చం అలాగే."

"ఆవిడది ఎప్పటిది?"

"పదకొండేళ్ళ కిందటిది."

"ఆపరేషన్ చేశారా?"

"చేశారు. తొడలో సగం కండ తీసేశారు."

"ఏ తల్లి కన్న బిడ్డో పాపం! కండా పోయె, మనిషీ పోయె." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నాకెందుకమ్మా ఆ కోత? ఉన్న నాలుగు రోజులూ నా కొట్లో నన్ను కూర్చోనివ్వండి. సంతకం పెట్టను గాక పెట్టను."

"పోయిందని మీకెవరు చెప్పారు?"

"ఇంకా ఉంటుందా, నీ పిచ్చిగానీ! ఏదీ, ఒక్కసారి ఆవిడతో మాట్లాడించు. ఇప్పుడే పెడతా సంతకం."

ఆవిడ డాక్టరు పంపిన ఆపరేషన్ కాగితమూ పెన్నూ ఆయన ముందుకు జరిపింది.

"ఇందాకట్నుంచీ మాట్లాడుతున్నది ఆవిడతోనే అన్నయ్యా."